పేరు ఎవరి సొత్తు?

నాలుగేళ్ళ కిందట ఒక శనివారం పూట మా ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది మా ఆవిడ. "ఎవరో లాయరు దగ్గర్నుంచిటండీ" అని నా చేతిలో పెట్టి, నేను చదువుతున్నంతసేపూ అక్కడే నిలబడింది. తొమ్మిది పేజీల నోటీసు. నేను పెట్టిన వెబ్‌సైటు వల్ల తమ క్లయింటు పరువుకీ వ్యాపారానికీ తీరని నష్టం కలిగిందట. వాళ్ళ పేరు వాడుకునే హక్కు నాకు లేదట. పదిహేను రోజుల్లో సైటు మొత్తం తీసేసి, రాతపూర్వకంగా క్షమాపణ చెప్పకపోతే రెండు కోట్ల రూపాయలకి దావా వేస్తారట, దాంతోపాటు క్రిమినల్ కేసు కూడా పెడతారట.

ఆ క్లయింటు మేం ఫ్లాటు కొనుక్కున్న బిల్డరు. సైటు అంటే పెద్దదేం కాదు, ఐదు పేజీలు. కంపెనీ పేరు పక్కన 'బాధితులు' అన్న మాట చేర్చి దానికి పేరు పెట్టాను. సెల్లారులో మోకాలి లోతు నీళ్ళు నిలిచిన ఫోటోలు, లిఫ్టు ఆగిపోయిన రోజుల లెక్క, ఒప్పందంలో ఇస్తామన్నవీ చివరికి ఇచ్చినవీ పక్కపక్కన రాసిన పట్టిక. మొత్తం 41 ఫోటోలు, అన్నీ తేదీలతో సహా.

ఆరో రోజున సైటు తీసేశాను. క్షమాపణ మాత్రం రాయలేదు. వాళ్ళూ మళ్ళీ అడగలేదు.

ఏడాది గడిచాక మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక కుర్రాడు భోజనాల దగ్గర సంతోషంగా చెప్పాడు, వాళ్ళ మామగారు నరసరావుపేట దగ్గర రెండెకరాలు అమ్మి కూతురి పేరున హైదరాబాదులో ఫ్లాటు బుక్ చేశారని. బిల్డరు పేరు చెప్పాడు. అదే పేరు, రెండో ప్రాజెక్టు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, "కొనేముందు నెట్లో అంతా వెతికానన్నా. ఒక్క కంప్లైంటు కూడా కనబడలేదు. అందుకే ధైర్యం చేశాం" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం అతనికి నాకు తెలిసిందంతా చెప్పాను. అప్పటికే సగం డబ్బు కట్టేశారు. నేను అబద్ధం ఆడలేదు, ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఒక నిజాన్ని గోడ మీంచి తీసేశానంతే. కానీ ఆ ఖాళీ గోడని చూసి ఒక పెద్దాయన రెండెకరాలు అమ్ముకున్నాడు. ఇందులో నా పాలు ఎంత? ఈ ప్రశ్న వదలక, వ్యాపార సంస్థల్ని విమర్శిస్తూ పెట్టిన సైట్ల మీద నడిచిన కేసుల గురించి దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. నేను లాయర్ని కాను. చదువుతూ పోతే, ఈ కేసుల్లో చట్టం సంగతుల కన్నా ముందు మూడు మామూలు నైతిక ప్రశ్నలు ఉన్నాయని అర్థమైంది. పేరు ఎవరిది? నిజం రుజువు చేసే బరువు ఎవరిది? మాట్లాడకుండా ఊరుకుంటే ఆ తప్పు ఎవరిది?

పేరుతో మొదలుపెడతాను.

టెక్సస్‌లోని ప్లేనో మనవాళ్ళు చాలామందికి తెలిసిన ఊరే. 1999లో అక్కడ ఒక పెద్ద షాపింగ్ మాల్ వస్తోందని తెలిసి, వెబ్‌సైట్లు తయారుచేసే ఒకాయన ముచ్చటపడి ఆ మాల్ పేరుతో ఒక సైటు పెట్టాడు. తిట్టడానికి కాదు, మెచ్చుకోలుగానే. ఏయే షాపులు వస్తున్నాయో రాశాడు, మ్యాపు పెట్టాడు. ఇది అధికారిక సైటు కాదని చెప్పి, అసలు సైటుకి లింకు కూడా ఇచ్చాడు. మాల్ కడుతున్న టాబ్‌మన్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఆయనకి ఒళ్ళు మండి, కంపెనీ పేరుకీ మాల్ పేరుకీ చివర 'సక్స్' అని తగిలించి (మన భాషలో 'ఛీ, దండగ' అన్నట్టు) ఇంకో ఐదు పేర్లు రిజిస్టరు చేశాడు. కంపెనీ లాయర్లు తనకి రాసిన ఉత్తరాలూ, తన జవాబులూ అన్నీ అందులో పెట్టాడు. కింది కోర్టు 2001లో ఆ సైట్లని ఆపెయ్యమంది. 2003 ఫిబ్రవరిలో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది.

ఆ తీర్పులో నాకు నచ్చినది దాని సాదాతనం. ట్రేడ్‌మార్కు చట్టం ఎందుకుంది? కొనేవాడు ఎవరి సరుకో తెలియక మోసపోకుండా ఉండటానికి. ఒక కంపెనీ పేరు పక్కన తిట్టు కనబడితే, అది ఆ కంపెనీయే పెట్టిన సైటు అని ఎవరనుకుంటారు? కొనేవాడికి పొరపాటు పడే అవకాశం లేనప్పుడు ట్రేడ్‌మార్కుకి పని లేదు. మొదటి సైటులో తన స్నేహితురాలి షర్టుల వ్యాపారానికి ఆయన ఒక లింకు ఇచ్చాడు. చిక్కంతా ఆ కాస్త దగ్గరే వచ్చింది. ఆ లింకు తీసేశాడు, మళ్ళీ పెట్టనన్నాడు, కాబట్టి ఇంకా అందులో వ్యాపారం లేదు, మాటే మిగిలింది అంది కోర్టు. అంటే గీత ఎక్కడుందో స్పష్టం. నీ పేరు చెప్పి నేను సరుకు అమ్ముకోకూడదు. నీ పేరు చెప్పి నీ గురించి మాట్లాడవచ్చు.

మన భాషలో ఈ విషయం చట్టం లేకుండానే తెలుస్తుంది. పేరు అన్న మాటకి మనకి రెండర్థాలు. ఒకటి అమ్మానాన్నలు పెట్టేది, రెండోది మనం తెచ్చుకునేది. తెచ్చుకోవడం అంటే ఎక్కణ్ణుంచి? ఊళ్ళోవాళ్ళ నోళ్ళ నుంచే కదా. మన పేరుని మనకన్నా ఎక్కువగా వాడేది పక్కవాళ్ళు. అది వాళ్ళ నోట్లో ఉన్నంతసేపే పేరు, లేకపోతే ఉట్టి అక్షరాలు. ఒక బిల్డరు తన పేరుని హోర్డింగుల మీదా, పేపర్లలో మొదటి పేజీ మీదా, ఆటోల వెనకా రాయించి, 'నా పేరు తలుచుకోండి, పదిమందికీ చెప్పండి' అని ఊరంతటినీ బతిమాలతాడు. ఊరు తలుచుకుంది. కాకపోతే సెల్లారులో నీళ్ళు తోడుకుంటూ తలుచుకుంది. మంచిగా తలిస్తే ఊరిది, చెడ్డగా తలిస్తే నాది అనడం ఏం న్యాయం?

ఇంకో తమాషా ఉంది. 2015లో ఆ 'సక్స్' అన్న మాటే ఇంటర్నెట్ చిరునామాలకి తోకగా అమ్మకానికొచ్చింది, డాట్ కామ్ లాగా డాట్ సక్స్. అందరికన్నా ముందు ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు, ఏడాదికి 2,499 డాలర్లు. అంటే తన మీద వచ్చే తిట్టుని ఇంకెవరూ వాడకుండా తనే కొనుక్కుని బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం. డబ్బుంటే చెడ్డపేరుని కూడా రిజిస్టరు చేయించుకోవచ్చన్నమాట. దాన్ని పుట్టించిన కారణాన్ని బాగుచెయ్యడానికి ఎంతవుతుందో ఆ లెక్కలో రాదు.

రెండో ప్రశ్న, నిజం. ఇది పేరంత తేలిక కాదు.

ఇంగ్లండులో మెక్‌డొనాల్డ్స్ కేసు గురించి చాలామంది వినే ఉంటారు. లండన్ గ్రీన్‌పీస్ అన్న ఒక చిన్న బృందం (ప్రసిద్ధమైన గ్రీన్‌పీస్ సంస్థకీ దీనికీ సంబంధం లేదు) 1986లో ఆరు పేజీల కరపత్రం ఒకటి వేసింది. మెక్‌డొనాల్డ్స్ తిండి, జీతాలు, పశువుల పట్ల క్రూరత్వం, పిల్లల్ని లాగే ప్రకటనలు, అన్నిటినీ ఏకి పెట్టింది. 1990లో కంపెనీ ఐదుగురి మీద దావా వేసింది. ముగ్గురు క్షమాపణ చెప్పి బయటపడ్డారు. వాళ్ళని నేను ఏమీ అనలేను, నేనూ ఆ ముగ్గురి బాపతే. హెలెన్ స్టీల్, డేవ్ మోరిస్ అనే ఇద్దరు మాత్రం నిలబడ్డారు. ఆవిడ బార్లో పార్ట్‌టైం పనిచేసేది. ఆయన ఒకప్పుడు పోస్ట్‌మాన్. పరువునష్టం కేసులకి అక్కడ ప్రభుత్వ న్యాయ సహాయం లేదు. అప్పుడప్పుడు కొందరు లాయర్లు ఉచితంగా సలహా ఇచ్చినా, కోర్టులో వాదించుకున్నది చాలావరకు వాళ్ళే. 1994 జూన్ నుంచి 1996 డిసెంబరు దాకా 313 రోజులు విచారణ సాగింది. ఇంగ్లండు చరిత్రలో అంత పొడుగు కేసు అంతకు ముందు లేదు.

ఆ విచారణ నడుస్తుండగానే, 1996 ఫిబ్రవరిలో, వాళ్ళ మద్దతుదారులు మెక్‌స్పాట్‌లైట్ అని ఒక వెబ్‌సైటు పెట్టారు. ఏ కరపత్రాన్ని ఆపాలని కంపెనీ కోర్టుకెక్కిందో అది, దాంతోపాటు కోర్టులో సాక్షులు చెప్పిన మాటలూ ప్రపంచంలో ఎవరైనా చదువుకునేలా అందులో పెట్టారు. వీధిలో పంచితే కొన్ని వేలమందికి చేరే కాగితం, ఆపబోయినందువల్ల దేశదేశాలకీ చేరింది.

1997 జూన్‌లో వచ్చిన తీర్పు రెండు పక్షాలకీ పూర్తిగా సంతోషం కలిగించేది కాదు. కరపత్రంలో చాలా ఆరోపణలు రుజువు కాలేదన్నారు జస్టిస్ బెల్. 60,000 పౌండ్లు కట్టమన్నారు. కానీ కంపెనీ ప్రకటనలు పిల్లల్ని వాడుకుంటున్నాయన్నది నిజమేననీ, కొన్ని పశుహింస పద్ధతులకి కంపెనీ బాధ్యురాలేననీ, జీతాలు తక్కువ ఇస్తోందన్నది నిజమేననీ కూడా అన్నారు. 1999లో అప్పీలు కోర్టు ఇంకొన్ని అంశాల్లో వాళ్ళ వైపు మొగ్గి, పరిహారాన్ని 40,000కి తగ్గించింది. కంపెనీ ఆ డబ్బు వసూలు చేసుకోలేదు. 2005 ఫిబ్రవరిలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, అంత పెద్ద కంపెనీ ఎదుట న్యాయ సహాయం లేకుండా వాళ్ళని నిలబెట్టడం వల్ల న్యాయమైన విచారణ హక్కూ, భావప్రకటన హక్కూ రెండూ భంగపడ్డాయని బ్రిటన్ ప్రభుత్వాన్ని తప్పు పట్టింది.

ఈ కథని ఇప్పుడు అందరూ చీమ గెలిచి ఏనుగు ఓడిన కథలా చెప్పుకుంటారు. నాకు అలా అనిపించదు. ఇందులో ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. ఆ కరపత్రంలో కొన్ని నిజాలు, కొన్ని రుజువు కానివి. రుజువు కానివన్నీ అబద్ధాలని కాదు. మనం కళ్ళారా చూసి 'తెలుసు' అనుకునేవాటికీ, కోర్టులో నిలబెట్టగలిగినవాటికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం నడవడానికి డబ్బు కావాలి, సాక్షులు కావాలి, ఏళ్ళు కావాలి. నిరూపించగలిగిందే మాట్లాడాలి అన్న నియమం వినడానికి బావుంటుంది. ఆచరణలో దానర్థం, నిరూపించే స్తోమత ఉన్నవాడే మాట్లాడాలి అని.

అలాగని నోటికొచ్చిందల్లా అనొచ్చా? ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి.

నా సైటులో 41 ఫోటోలతోపాటు ఒక వాక్యం కూడా ఉంది. పర్మిషన్ల కోసం బిల్డరు ఫలానా ఆఫీసులో అందరికీ లంచాలు మేపాడని. అది నేను చూసింది కాదు. వాచ్‌మన్ ఎవరితోనో అంటుంటే మా పక్క ఫ్లాటాయన విని నాకు చెప్పాడు. సెల్లారులో నా స్కూటరు మునిగిపోయిన రాత్రి, ఆ కోపంలో, అది రాసేశాను. రాస్తున్నప్పుడు మహా తృప్తిగా అనిపించింది కూడా. తొమ్మిది పేజీల నోటీసులో నాలుగు పేజీలు ఆ ఒక్క వాక్యం మీదే ఉన్నాయి. నీళ్ళ ఫోటోల గురించి ఒక్క ముక్క లేదు. లిఫ్టు లెక్క తప్పు అని ఎక్కడా అనలేదు. కానీ చివర అడిగింది మాత్రం ఆ వాక్యం తియ్యమని కాదు, సైటు మొత్తం తియ్యమని.

అప్పుడు నాకు తోచినది రెండే దారులు, ఉంచడమా, తియ్యడమా. ఇప్పుడు చూస్తే మూడోది కళ్ళెదుటే ఉంది. ఆ వాక్యం తీసేసి, 'ఇది నేను విన్నమాట, చూసింది కాదు, రాయడం నా తప్పు' అని అక్కడే రాసి, ఫోటోలు ఉంచాల్సింది. విన్నదాన్ని చూసినట్టు రాయడం ఒక తప్పు. చూసినదాన్ని కూడా చూడనట్టు తుడిచెయ్యడం ఇంకో తప్పు. మొదటిది కోపంతో చేశాను, రెండోది భయంతో. మొదటి తప్పు చెయ్యకపోయి ఉంటే రెండోది చెయ్యాల్సిన అవసరం అంత తొందరగా వచ్చేది కాదేమో. నాకున్న నిజానికి నేనే ఒక పిడి తగిలించి వాళ్ళ చేతికిచ్చాను.

నోటీసులోని రెండో బెదిరింపు, క్రిమినల్ కేసు, నన్ను ఎక్కువ భయపెట్టింది. మన దేశంలో పరువునష్టం నేరం కూడా. అప్పట్లో అది శిక్షాస్మృతి 499, 500 సెక్షన్లు, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. 2016లో సుప్రీంకోర్టు ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనంది. సివిల్ దావాలో నేనన్నది నిజం అని చూపిస్తే సరిపోతుంది. క్రిమినల్ కేసులో అంతటితో చాలదు, ఆ నిజం చెప్పడం ప్రజల మేలు కోసం అని కూడా చూపించాలి. సెల్లారులో నీళ్ళు ప్రజల మేలు కిందికి వస్తాయా రావా అని రాత్రంతా ఆలోచిస్తూ పడుకోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తే తప్ప తెలీదు.

తరవాత తెలిసిన ఒక లాయరు చెప్పింది ఏమిటంటే, నోటీసులో రెండు కోట్లని రాయడానికి కాగితం తప్ప ఖర్చు లేదు. అదే దావాగా వెయ్యాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, తమ రికార్డులు కోర్టు ముందు పెట్టాలి, ప్రశ్నలకి జవాబు చెప్పాలి. చాలా నోటీసుల పని పోస్టుమాన్ తలుపు తట్టడంతోనే అయిపోతుంది. తీర్పు దాకా పోవాలన్న ఉద్దేశమే ఉండదు.

తీర్పు దాకా పోకుండానే ఎంత చెయ్యొచ్చో చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఐఐపీఎం అని ఒక బిజినెస్ స్కూలుండేది. పేపర్లలో పేజీలకు పేజీలు ప్రకటనలు, హైదరాబాదుతో సహా దేశమంతా శాఖలు. దాని మీద వచ్చిన ఒక వ్యాసానికి 2011లో 'కారవాన్' పత్రిక మీద 50 కోట్లకి దావా వేశారు. ఢిల్లీలో ఉన్న సంస్థ, ఢిల్లీలో ఉన్న పత్రిక, దావా వేసింది మాత్రం అస్సాంలోని సిల్చర్లో. వ్యాసాన్ని వెబ్‌సైటు నుంచి తీసెయ్యమని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. ఆ 'తాత్కాలికం' ఏడేళ్ళు నడిచింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు ఎత్తేసేదాకా ఆ వ్యాసం వాళ్ళ సైటులో లేదు.

అంతకన్నా విచిత్రం 2013 ఫిబ్రవరిలో జరిగింది. గ్వాలియర్ కోర్టు ఉత్తర్వు పట్టుకుని ఆ సంస్థని విమర్శించే 73 వెబ్ పేజీలని దేశంలో ఎవరికీ కనబడకుండా చేశారు. వాటిలో యూజీసీ వాళ్ళ పేజీ కూడా ఒకటి, ఈ సంస్థ యూనివర్సిటీ కాదని ప్రజలకి చెప్పే అధికారిక ప్రకటన. ప్రభుత్వం చేసిన హెచ్చరికని ప్రభుత్వమే మూసేసింది! మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు, ఆ సంస్థ తన కోర్సులకి ఎంబీఏ, బీబీఏ లాంటి పేర్లు వాడకూడదని చెప్పింది. ఆ మధ్యలో, నెట్లో అంతా వెతికి, ఒక్క కంప్లైంటూ కనబడలేదు కదా అని పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులు ఉండరా? వాళ్ళలో పొలం అమ్మినవాళ్ళు ఉండరా?

అన్ని కోర్టులూ ఇలాగే చేశాయని కాదు. ఒడిశాలోని ధామ్రా ఓడరేవు వల్ల సముద్రపు తాబేళ్ళకి ముప్పు అని గ్రీన్‌పీస్ వాళ్ళు నెట్లో ఒక ఆట పెట్టారు, పాతకాలం ప్యాక్‌మన్ తరహాలో. తాబేలుని తరిమేది టాటా గుర్తు. టాటా సన్స్ 10 కోట్లకి దావా వేసి, ముందు ఆటని ఆపమని అడిగింది. 2011 జనవరి 28న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రవీంద్ర భట్ ఆపడానికి ఒప్పుకోలేదు. అనుకరించి వెక్కిరించడానికి గుర్తుని వాడితే అది వ్యాపారానికి వాడుకోవడం కాదు. ఇంటర్నెట్ ఎక్కువమందికి చేరుతుంది కాబట్టి దానికి వేరే కొలత పెట్టక్కర్లేదు. నిజానిజాలు విచారణలో తేలాలి, తేలకముందే నోరు నొక్కకూడదు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు కూడా బ్లూమ్‌బర్గ్ మీద జీ సంస్థ వేసిన కేసులో, విచారణకి ముందే ప్రచురణని ఆపే ఉత్తర్వులు అలవోకగా ఇవ్వకూడదని గట్టిగా చెప్పింది. చెప్పిన చోట చట్టం బాగానే చెప్పింది. నా కష్టమల్లా, తొమ్మిది పేజీల కవరు పట్టుకుని నిలబడ్డ వాడికీ ఆ చట్టానికీ మధ్య ఉన్న దూరం గురించే.

ఇంతవరకూ రాశాక మా బావగారి సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయనది గుంటూరులో టిఫిన్ సెంటరు. ఇరవై రెండేళ్ళుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బిస్తాడు. రెండేళ్ళ కిందట ఎవరో సాంబారులో బొద్దింక వచ్చిందని ఫోటో పెట్టారు. ఫోటోలో ఉన్న స్టీలు గిన్నె మా బావగారి దగ్గర వాడేది కాదు. ఆయన ఎప్పుడూ సాంబారు పింగాణీ గిన్నెల్లోనే ఇస్తాడు. పెట్టింది ఎవరో తెలీదు, పేరు లేదు, తేదీ లేదు. ఊళ్ళో అందరి ఫోన్లకీ చేరింది. దసరా నెలంతా బేరం సగానికి పడిపోయింది. పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళని మానిపించాల్సొచ్చింది.

"నోటీసిద్దాం బావా, నాకు తెలిసిన లాయరున్నాడు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది! ఆయన నవ్వి, "ఎవడికిస్తావురా? ఇచ్చినా, నేను కోర్టు చుట్టూ తిరుగుతుంటే పొద్దున్నే ఇడ్లీ ఎవడేస్తాడు?" అన్నాడు.

అప్పటిదాకా నేను బిల్డరు వైపు నుంచి ఆలోచించలేదు. పేరు పోవడం అంటే ఏమిటో మా అక్క మొహంలో చూశాను. పేరు ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో ఉంటుందని పైన ధైర్యంగా రాశాను కదా, ఆ నోళ్ళు అబద్ధం చెబితే పోయేది నిజమైన అన్నమే. కాబట్టి విమర్శ అంటే ఏదైనా చెల్లుతుంది అని నేను అనలేను. పరువునష్టం చట్టమే అక్కర్లేదనీ అనలేను. కానీ ఒకటి గమనించాను. ఆ చట్టం అవసరం నిజంగా ఉన్నది మా బావగారికి, ఆయనకి అది అందలేదు. బిల్డరు దాని గడప కూడా తొక్కలేదు, దాని పేరు చెప్పి పని కానిచ్చుకున్నాడు. ఒకే చట్టం ఒకరికి అందని ద్రాక్ష, ఇంకొకరికి చేతికర్ర.

ఇద్దరికీ తేడా ఇంకోటి కూడా ఉంది. మా బావగారి హోటలు పేరు పోతే ఆయనకి నిద్ర పోతుంది. కంపెనీకి నిద్ర ఉండదు, పోగొట్టుకోవడానికి. దానికి పోయేది డబ్బే. ఇంగ్లండు 2013లో తెచ్చిన కొత్త చట్టం ఈ తేడాని కొంత గుర్తించింది. లాభాల కోసం నడిచే సంస్థ పరువు పోయిందని దావా వెయ్యాలంటే తీవ్రమైన ఆర్థిక నష్టం జరిగిందనో, జరగబోతోందనో చూపించాలి. అమెరికాలో 2016లో ఇంకో చట్టం వచ్చింది. 'మా గురించి చెడుగా రాయకూడదు' అని అమ్మకం ఒప్పందాల్లో సన్న అక్షరాలతో ఇరికించే షరతులు చెల్లవని. ఇవి రెండూ చిన్న సర్దుబాట్లే, కానీ సరైన వైపు.

చట్టం సంగతి చట్టం చూసుకుంటుంది. మాట్లాడేవాళ్ళం మనం ఏం చెయ్యాలి అన్నది నా ప్రశ్న. బావగారి మీద ఫోటో పెట్టినవాడికీ, నాకూ తేడా ఏమిటి అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. నేను పేరు పెట్టుకుని రాశాను, అతను పెట్టుకోలేదు. నా ఫోటోలకి తేదీలున్నాయి, అతని దానికి లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ లంచాల వాక్యం దగ్గర మా ఇద్దరికీ తేడా లేదు. ఇంకోటి, మీ జవాబు పంపిస్తే ఇక్కడే పెడతాను అని నేను బిల్డరుకి చెప్పలేదు. ప్లేనో ఆయన కంపెనీ ఉత్తరాలన్నీ తన సైటులోనే పెట్టాడు, అవతలివాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే చదువుకోమని. నేనైతే ఆ నోటీసుని సొరుగులో దాచాను. దాన్ని సైటులో ఫోటోల పక్కన పెట్టి ఉంటే, చదివేవాళ్ళు ఏది దేనికి జవాబో, దేనికి జవాబు లేదో వాళ్ళే చూసుకునేవాళ్ళు.

చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాయడం. కింద మన పేరు పెట్టడం. అవతలివాడికి చోటివ్వడం. తప్పని తేలిన మాటని తేలినంత మేరకే వెనక్కి తీసుకోవడం, ఇంకొంచెం కూడా ఎక్కువ తీసుకోకపోవడం. నాకు తోచినవి ఇవే. చివరిది అన్నిటికన్నా కష్టం. భయపడ్డవాడు ఎప్పుడూ అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చేస్తాడు.

మరి మూడో ప్రశ్న, ఊరుకున్నవాడి తప్పు? నా దగ్గర పెళ్ళాం పిల్లలున్న మనిషి చెప్పుకునే సాకులన్నీ ఉన్నాయి, అవి అబద్ధాలు కూడా కావు. అందరూ హెలెన్ స్టీల్ కానక్కర్లేదు. ఒక మనిషి ధైర్యం మీద ఊరి క్షేమం ఆధారపడకూడదు కూడా. కానీ 'నేను ఏమీ అనలేదు కాబట్టి నాకేం సంబంధం లేదు' అనే మాట ఇంక నాకు నోరు రాదు. పట్టించుకోనివాడి మౌనం వేరు. ఒకసారి చెప్పి, తుడిచేసినవాడి మౌనం వేరు. నేను తుడిచాక మిగిలిన ఖాళీ ఉట్టి ఖాళీ కాదు, అది చూసేవాడికి 'ఇక్కడ ఏ గొడవా లేదు' అని చెబుతుంది. ఆ మాట చెప్పింది నేనే.

ఆ కుర్రాడూ నేనూ కలిసి, మా అపార్ట్‌మెంటులో ఇంకో పదకొండు కుటుంబాలతో, పోయిన ఏడాది రెరాలో ఫిర్యాదు వేశాం. 41 ఫోటోలూ అందులో ఉన్నాయి, ఆ వాక్యం లేదు. ఇంకా తేలలేదు. అతని మామగారు ఒకసారి హైదరాబాదు వచ్చినప్పుడు నన్ను చూస్తానన్నారు. వెళ్ళి కలిశాను. జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "నోటీసొస్తే ఎవడైనా బెదురుతాడు బాబూ" అని, "ఆ ఫోటోలు అప్పుడే మాకు కనబడుంటే బావుండేది" అన్నారు. రెండూ ఒకే గొంతుతో అన్నారు.

ఈ వ్యాసంలో కూడా ఆ బిల్డరు పేరు లేదని మీరు గమనించే ఉంటారు. కేసు విచారణలో ఉంది కాబట్టి రాయలేదని చెప్పొచ్చు. అది నిజమే. కానీ పూర్తి నిజం అవునో కాదో నాకే సరిగ్గా తెలీదు.